నగరం పెట్టిన ఎర

పన్నెండేళ్ళకు పైగా ఫ్లాకో లోకం ఒక బస్ షెల్టర్ కంటే పెద్దది కాదు. న్యూయార్క్ నడిబొడ్డున, సెంట్రల్ పార్క్ జూలో నాలుగు కొమ్మలు, మనుషులు కట్టిన రాళ్ళు, వెనక గోడ మీద రంగులతో వేసిన కొండలు. ముందువైపు స్టీలు వల. రెక్కలు చాపితే ఆరడుగులు వచ్చే పక్షి అది. యురేషియన్ ఈగిల్ ఔల్ అంటారు, గుడ్లగూబల్లో అతి పెద్ద జాతుల్లో ఒకటి. నారింజ రంగు కళ్ళు, నెత్తిన కొమ్ముల్లా నిక్కిన ఈకలు. 2010 మార్చి 15న ఉత్తర కరోలినాలోని ఒక పక్షుల పార్కులో గుడ్డు పగిలి బయటికొచ్చింది. ఆ ఏడే జూకి చేరింది. తల్లి దగ్గర వేట నేర్చుకునే వయసులో దానికి తిండి మనుషుల చేతుల మీదుగా వచ్చింది. ఆ తరవాతా అలాగే వచ్చింది. వెనక గోడ మీది కొండల దాకా ఎగరాలన్నా ఒక్క రెక్కపాటు దూరమే.

2023 ఫిబ్రవరి 2 రాత్రి ఎవరో ఆ వలను కత్తిరించారు. ఎందుకు కత్తిరించారో తెలియదు, ఎవరినీ అరెస్టు చేయలేదు. కాసేపటికి ఫ్లాకో ఐదో అవెన్యూ పేవ్‌మెంట్ మీద, ఖరీదైన దుకాణాల పక్కన, పోలీసుల మధ్య కూర్చుని కనిపించింది. పట్టుకుపోవడానికి ఒక చిన్న బోను తెచ్చి పక్కనే పెట్టారు. అందరూ చూస్తుండగానే లేచి ఎగిరిపోయింది. తెల్లారేసరికి పార్కులో ఒక చెట్టు మీద ఉంది.

బతకదనుకున్నారంతా. పక్షుల గురించి తెలిసినవాళ్ళు మరీ అనుకున్నారు. పుట్టి ఒక్క ఎలుకనైనా పట్టి ఎరగని పక్షి గడ్డకట్టే ఫిబ్రవరి చలిలో ఏం తింటుంది? మొదటి రోజుల్లో దానికి ఎగరడం కూడా సరిగ్గా చేతకాలేదు. కొమ్మ మీద వాలబోయి తడబడేది, కాసేపు ఎగిరితే అలసిపోయేది. జూ సిబ్బంది ఎరలు పెట్టారు, ఉచ్చులు పన్నారు, అదే జాతి పక్షుల కూతలు రికార్డు చేసినవి వినిపించారు. వాళ్ళ ఆదుర్దా నిజమైనదే. తిరిగి బోనులోకి వస్తే తప్ప దానికి ప్రాణం దక్కదని వాళ్ళు నమ్మారు.

ఆ నమ్మకం వారం పది రోజుల్లోనే సడలింది. చెట్టు కింద బొచ్చూ ఎముకలూ కలిసిన ఉండలు కనిపించాయి. గుడ్లగూబ ఎలుకను పెద్దదైతే చీల్చుకుని తింటుంది, చిన్నదైతే అమాంతం మింగుతుంది. అరగని బొచ్చు, ఎముకలు, గోళ్ళు పొట్టలో ఒక ఉండగా చుట్టుకుని నోటి గుండా బయటికి పడతాయి. మిగతాదంతా ఒంటబడుతుంది, ఎలుక కాలేయంతో సహా. ఫిబ్రవరి 12న జూ వాళ్ళు ప్రకటించారు: ఫ్లాకో సొంతంగా వేటాడుతోంది, తింటోంది. మరో వారం తిరగకుండానే దాన్ని పట్టే ప్రయత్నాలు ఆపేశారు. ఎవరూ నేర్పని విద్య దాని ఒంట్లోనే ఉంది. పన్నెండేళ్ళ బోను దాన్ని చెరపలేకపోయింది.

ఈ గాథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ పది రోజులు. చీకటి పడ్డాక కొమ్మ మీద కదలకుండా కూర్చోవడం, కింద ఎండుటాకుల్లో గలగల వినగానే తల అటు తిప్పడం, మరుక్షణం జారినట్టు కిందికి దిగడం. గుడ్లగూబ రెక్క అంచున ఉండే మెత్తని నూగు గాలి చప్పుడును అణిచేస్తుంది, మీద పడేదాకా ఎలుకకు తెలియదు. ఆ రెక్కకు అంతకాలం పని లేదు. పని దొరికిన మొదటి నెలలోనే అది తన పుట్టుక దేనికో కనుక్కుంది. దాని ప్రాణం తీసిందీ ఆ విద్యే.

తరవాతి కొన్ని నెలలు ఆ నగరం ఫ్లాకో కోసం తల ఎత్తుకుని నడిచింది. పార్కు ఉత్తర భాగంలో ఒక ఓక్ చెట్టు దానికి ఇష్టమైన చోటు. సాయంత్రమయ్యేసరికి ఆ చెట్టు కిందికి కెమెరాలు, దూరదర్శినులు, పిల్లలు, పనుల నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు చేరేవారు. అది రెక్కలు విదిలించుకుని రాత్రి పనికి బయల్దేరే ఆ ఒక్క నిమిషం కోసం గంటలు నిలబడేవారు. మన ఊళ్ళలో గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని తరిమేస్తారు, రాత్రి పూట దాని కూత వినపడితే ముసలివాళ్ళు చెవులు మూసుకుంటారు. అక్కడ మాత్రం కిటికీ చూరు మీద వాలితే అదృష్టమనుకున్నారు. ఎన్నో అంతస్తుల ఎత్తున కిటికీ అద్దం అవతల రెండు నారింజ కళ్ళు లోపలికి చూస్తుంటే ఇంట్లోవాళ్ళు ఊపిరి బిగబట్టి ఫొటోలు తీసుకున్నారు. బోనులోంచి బయటపడి సొంతంగా బతకగలిగిన ఒక ప్రాణి వాళ్ళకు ఏదో ధైర్యం ఇచ్చింది. వలస వచ్చినవాళ్ళు, ఒంటరివాళ్ళు, కోవిడ్ రోజుల్లో నాలుగు గోడల మధ్య మగ్గినవాళ్ళు అందులో తమ్ముతాము చూసుకున్నారు. ఆ అభిమానాన్ని నేను తక్కువ చేయను. అది కల్లాకపటం లేనిది.

ఒంటరితనం మాత్రం ఫ్లాకోదే. అమెరికా అడవుల్లో దాని జాతి లేదు. ఐరోపా నుంచి ఆసియా దాకా ఉండే పక్షి అది. రాత్రంతా తన హద్దు చాటుతూ, జత కోసం పిలుస్తూ కూసేది. ఆ పిలుపుకు బదులిచ్చే ఆడపక్షి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అక్టోబరు చివరిలో పార్కు వదిలింది. పార్కుకు దక్షిణాన ఈస్ట్ విలేజ్‌లో శిల్పాలున్న ఒక తోటలో కనిపించింది. కొన్ని రోజులు కనిపించకుండా పోయింది. నవంబరులో అప్పర్ వెస్ట్ సైడ్‌లో తేలింది. అక్కడి పాత భవనాల పైన చెక్కతో చేసిన నీళ్ళ ట్యాంకులుంటాయి. చలికాలమంతా వాటి మీద కూర్చుని కూసింది. కొత్త జాగా కోసం పోయిందో, జత కోసం పోయిందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. పార్కు దాటడంతో అది చెట్ల మధ్య ఎలుకల నుంచి గోడల మధ్య ఎలుకల దగ్గరికి చేరిందన్నది మాత్రం నిజం.

ఆ గోడల కింద ఏముందో చూడాలి. న్యూయార్క్ వీధుల్లో ఏ భవనం పక్కన నడిచినా నల్ల ప్లాస్టిక్ పెట్టెలు కనిపిస్తాయి. గోడకు ఆనుకుని, ఒక పక్క ఎలుక దూరేంత కన్నం. లోపల కడ్డీకి గుచ్చిన మందు దిమ్మలు. కుక్కలూ పిల్లలూ ముట్టుకోకుండా మూతకు తాళం ఉంటుంది. పేరుకు అది రక్షణ పెట్టె. లోపలికి వచ్చిన ఎలుక అందులో చిక్కుకోదు. తింటుంది, వెళ్ళిపోతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. ఆ తిండి రుచిగానే ఉంటుంది, వెంటనే ఏమీ కాదు కనక అనుమానించదు. ఎలుక తెలివిగలది. తిన్న వెంటనే తోటి ఎలుక గిలగిలలాడితే మిగతావి ఆ ఎర ముట్టవు. అందుకే ఈ మందు నిదానంగా పనిచేసేలా ఎంచుకున్నారు. రక్తం గడ్డకట్టాలంటే విటమిన్ కె కావాలి. కాలేయం దాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. ఈ మందు ఆ పనికి అడ్డుపడుతుంది. మూడు నాలుగు రోజులకో, వారానికో లోపలి చిన్న చిన్న నాళాల్లోంచి రక్తం కారడం మొదలవుతుంది, ఆగదు. ఈలోగా ఆ ఎలుక చావడానికి చాలినదానికి ఎన్నో రెట్లు తినేసి ఉంటుంది. నీరసించి, పట్టపగలే బయటికొచ్చి, గోడవార తూలుతూ నడుస్తుంది. వేటాడే పక్షికి అంతకంటే సులువైన ఎర దొరకదు.

ఈ మందు పుట్టుక ఒక పశువైద్యం కథ. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన ఒక రకం గడ్డి తిన్న పశువులు నెత్తురు ఆగక చచ్చిపోయాయి. 1933లో ఒక రైతు చచ్చిన ఆవునూ గడ్డకట్టని నెత్తురునూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి మోసుకెళ్ళాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని దోషాన్ని విడదీసింది. దాని నుంచి తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుక మందుగా బజారుకొచ్చింది. గుండె కవాటం మార్చుకున్నవాళ్ళు ఈనాటికీ వేసుకునే మాత్ర అదే. పదేళ్ళు తిరిగేసరికి ఎలుకలు దానికి అలవాటు పడ్డాయి. అప్పుడు ఇంకా ఘాటైన రెండో తరం మందులు వచ్చాయి: బ్రోమడయోలోన్, బ్రోడిఫాకమ్ లాంటివి. ఒక్కసారి తిన్నా చాలు. వాటి ఘాటు ఎలుకతో పోదు. తిన్నదాని కాలేయంలో నెలల తరబడి ఉండిపోతుంది. ఒక ఎలుకతో గుడ్లగూబ చావకపోవచ్చు. రాత్రికో ఎలుక చొప్పున ఒక చలికాలం తింటే ఆ మందు కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. బొచ్చునూ ఎముకలనూ ఉండ చుట్టి బయటికి పడేయగల పక్షికి దీన్ని పడేసే దారి లేదు.

ఇదంతా ఎవరికీ తెలియని సంగతి కాదు. ఫ్లాకో బయటికి రాకముందే ఆ పార్కులో ఇంకో గుడ్లగూబను జనం ఇంతే ప్రేమించారు. దాని పేరు బ్యారీ, ఒంటి మీద అడ్డచారలుండే జాతి. 2021 ఆగస్టు 6 తెల్లవారుజామున పార్కు నిర్వహణ వాహనం ఒకటి దాన్ని గుద్దింది. ప్రమాదమే అనుకున్నారు. తరవాత శవపరీక్షలో ప్రాణం తీయగలిగినంత బ్రోమడయోలోన్ బయటపడింది. వాహనానికి అడ్డం రాకపోయినా బ్యారీ బతికేది కాదేమో. మందు తిన్న పక్షి మందగించి తప్పుకోలేకపోయిందా అన్న అనుమానం అప్పుడే వచ్చింది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు వన్యప్రాణి ఆసుపత్రి 2020లో వెల్లడించిన పరిశోధనలో మసాచుసెట్స్‌లో పరీక్షించిన 43 ఎర్రతోక డేగల్లో 43కీ ఎలుక మందు అంటుకునే ఉంది. ఒక్కటంటే ఒక్కటి తప్పించుకోలేదు.

2023 వసంతంలో, ఫ్లాకో పార్కులో ఎలుకలు పడుతూ కొత్త బతుకు నేర్చుకుంటున్న రోజుల్లోనే, నగర మేయరు ఎలుకల నిర్మూలనకని ప్రత్యేకంగా ఒక అధికారిని నియమించాడు. ఆ పదవికి ఎలుకల జార్ అని పేరొచ్చింది. ఆ నియామకంలో తప్పు పట్టడానికి లేదు. ఎలుకల బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పసిపిల్లలున్న పేద ఇళ్ళలో, పాత అపార్ట్‌మెంట్ల నేలమాళిగల్లో అది వేళాకోళం కాదు. కానీ ఎలుకను చంపడానికి పెట్టిన పెట్టెలో ఎలుకను తినే పక్షి చావు కూడా ఉందని తెలిసీ పెట్టెలు అక్కడే ఉంచడం వేరే సంగతి. కిటికీ దగ్గర నిలబడి ఫ్లాకోను చూసి చేతులు జోడించిన ఇంటివాళ్ళ భవనం గోడ కిందే ఆ నల్ల పెట్టె ఉంది. ప్రేమా విషమూ ఒకే చిరునామా నుంచి వెళ్ళాయి.

2024 ఫిబ్రవరి 2కి ఏడాది నిండింది. ఫొటోలతో, కబుర్లతో ఆ రోజు గుర్తుచేసుకున్నారు. ఆ నెలలోనే కూత తగ్గింది. రాత్రుళ్ళు నీళ్ళ ట్యాంకుల వైపు చెవి వేసి పడుకునేవాళ్ళకు కొన్ని రోజులుగా ఏమీ వినపడలేదు. ఫిబ్రవరి 23 సాయంత్రం పశ్చిమ 89వ వీధిలో ఒక భవనం పెరట్లో నేల మీద పడి ఉంది. పక్షుల ఆసుపత్రివాళ్ళు వచ్చి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు.

తొలి పరీక్ష దెబ్బ తగిలి చనిపోయిందని చెప్పింది. భవనాన్ని గుద్దుకుందన్నారు. ఆ నివేదికలో ఒంటి బరువు 1.89 కిలోలు. జూలో చివరిసారి తూచినప్పుడు 1.93. ఏడాది పాటు సొంత వేటతో బతికిన పక్షి జూ తిండి తిన్నప్పటి బరువుకు దాదాపు సమానంగా ఉంది. ఎంత బాగా బతికిందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎద ఎముక కింద, కాలేయం చుట్టూ నెత్తురు పేరుకుని ఉంది. తలకు పెద్ద దెబ్బ తగిలిన గుర్తులు లేవు.

నెల రోజుల తరవాత, మార్చి 25న, పూర్తి నివేదిక వచ్చింది. ఫ్లాకో ఒంట్లో నాలుగు రకాల ఎలుక మందులున్నాయి. పావురాల నుంచి సోకిన హెర్పిస్ వైరస్ ఒకటి ప్లీహం నుంచి మెదడు దాకా అవయవాలను తినేసింది. పావురాలకు పెద్దగా హాని చేయని ఆ వైరస్ గుడ్లగూబలకు ప్రాణాంతకం. ఏ దెబ్బా తగలకపోయినా ఈ రెండూ కలిసి దాన్ని చంపేసేవేనని పరీక్షించినవాళ్ళు తేల్చారు. ఇంకో మాట కూడా ఉంది అందులో. అతి సూక్ష్మంగా డీడీటీ శేషం దొరికింది. ఆ మోతాదు దానికి హాని చేసేది కాదు. అమెరికా డీడీటీని నిషేధించింది 1972లో. ఫ్లాకో తాతముత్తాతల కాలపు మందు ఇంకా దాని ఒంటి దాకా వచ్చింది. ఈ నాలుగు మందులు ఎవరి ఒంట్లో ఎంత కాలం ఉంటాయో ఊహించుకోవచ్చు.

వల కత్తిరించినవాడిదే అంతిమ బాధ్యత అని జూ నడిపే సంస్థ ప్రకటించింది. దాంతో నేను సగందాకానే ఒప్పుకుంటాను. కత్తిరించినవాడు దాన్ని ప్రమాదంలోకి తోశాడు, నిజమే. కానీ ఆ ప్రమాదాన్ని వీధి వీధినా పెట్టెల్లో అమర్చింది వాడు కాదు. బ్యారీకి ఎవరూ వల కత్తిరించలేదు. అది తన రెక్కల మీద తానే వచ్చిన అడవి పక్షి. అయినా దాని కాలేయంలో దొరికింది ఆ మందే.

మార్చి 3న ఓక్ చెట్టు కింద వందలాది మంది చేరారు. ఉత్తరాలు, పిల్లలు గీసిన బొమ్మలు, పూలు చెట్టు మొదట్లో పెట్టారు. కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో నగర మండలి ఫ్లాకో పేరుతో ఒక చట్టం చేసింది. కొన్ని ప్రాంతాల్లో ప్రయోగంగా ఎలుకలకు చంపే మందు కాకుండా పిల్లలు పుట్టకుండా చేసే గుళికలు పెట్టి చూడాలని. చిన్న అడుగే. కాలిఫోర్నియా 2020లోనే రెండో తరం మందుల వాడకాన్ని చాలా వరకు కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. ఎలుకలకు వాడే జిగురు అట్టల మీద కూడా ఇంగ్లండ్‌లో 2024 జూలై 31 నుంచి నిషేధం ఉంది, లైసెన్సు ఉన్న నిపుణులు తప్ప ఎవరూ వాడకూడదు. ఆ అట్టలు మన బజార్లలోనూ దొరుకుతున్నాయి. కొట్టు మూలన పెట్టిన అట్ట మీద పడ్డ పురుగు కోసం పిచ్చుక దిగుతుంది. ముందు కాలు అంటుకుంటుంది, లాక్కోబోయి రెక్క ఆనిస్తే రెక్క, ఆఖరికి ముక్కు. ఎంత కొట్టుకుంటే అంత అతుక్కుంటుంది. తెల్లారి కొట్టు తెరిచినవాడు అట్టను మడిచి చెత్తబుట్టలో వేస్తాడు.

న్యూయార్క్ మనకు దూరమనుకోవడానికి వీల్లేదు. బ్యారీ ఒంట్లో దొరికిన బ్రోమడయోలోన్ కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఏ వరి రైతును అడిగినా తెలిసిన మందు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపి పొట్లాలు కడతారు. ముందురోజు చేను గట్ల మీది కన్నాలన్నీ మట్టితో మూస్తారు. మర్నాడు తెరుచుకుని ఉన్న కన్నాల్లో ఎలుకలున్నట్టు లెక్క, వాటిలో పొట్లం వేస్తారు. ఎలుక వల్ల పోయే గింజ రైతు నోటి దగ్గరి గింజ, దాన్ని కాపాడుకోవద్దని ఎవరంటారు? మన రాతి గుట్టల్లోనూ ఫ్లాకోకు దగ్గరి చుట్టమైన కొమ్ముల గుడ్లగూబ ఉంది. చేల మీద రాత్రి పూట తెల్లమొహం గుడ్లగూబ తిరుగుతుంది, దాని ఇంటిల్లిపాదికీ ఎలుకలే తిండి. అందుకే చేలో టీ ఆకారంలో కర్రలు పాతి పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ అధికారులు చెబుతారు. ఆ కర్ర మీద వాలి గుడ్లగూబ ఎలుకను పడుతుంది. మందు పొట్లాలు వేయమని చెప్పేదీ వాళ్ళే, ఆ చేలోనే.

గోదావరి జిల్లాల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే పనివాళ్ళున్నారు. సాయంత్రం గట్ల వెంట బుట్టలు అమర్చి, పొద్దున్నే వచ్చి ఏరుకుంటారు. ఎలుకకు ఇంత అని రైతు కూలి ఇస్తాడు. ఆ బుట్టలో పడ్డ ఎలుక వెనక ఏ విషమూ నడవదు. మందు పెట్టే చోట మాత్రం చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చిపెట్టాలని సూచన ఉంటుంది. మంచి సూచనే. కానీ పొట్లం తిన్న ఎలుక చావడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో అది గట్టు మీద తూలుతూ తిరుగుతుంటుంది. గుడ్లగూబ పట్టేది దాన్నే. పూడ్చడానికి అది ఇంకా చావలేదు.